మా బావ పెట్టిన జర్మనీ హోటలు

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావ చేతిలో ఫోను పట్టుకుని మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం చూస్తే ఎవరో పోయిన కబురు తెచ్చినట్టే ఉంది. ముందు అక్క ఎలా ఉందని అడిగాను. దానికేం, గుండ్రాయిలా ఉందన్నాడు. మరి పోయిందెవరంటే ఫోను నా కళ్ళ ముందు పెట్టాడు. అందులో ఒక పాత భవనం, మూసిన తలుపులు, తలుపుకి అంటించిన ఇంగ్లీషు కాగితం. తీరా విషయమేమిటంటే, అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్ళో ఎన్నో తరాలుగా నడిచిన ఒక జర్మనీ హోటలు మూతపడిందట, బావతోపాటు ఓడల్లో పనిచేసిన పాత స్నేహితుడెవరో ఆ ఫోటో పంపాడట. అంటే అమెరికాలో ఉన్న జర్మనీ వాళ్ళ హోటలు మూసేసినందుకు, నౌపడ పక్కన సముద్రం ఒడ్డున పుట్టిన మా బావని, శ్రీకాకుళంలో నేను ఓదార్చాలన్నమాట. కాఫీ కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, ఆ బల్లలన్నీ ఏం చేస్తారో పాపం అన్నాడు. ఆయన వెళ్ళాక ఆ పూటంతా నాకు చేతులాడలేదు.

ఈ గొడవ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. వెళితే అర్థమవుతుందని మాట మాత్రం ఇవ్వలేను, అందులో నిండా మునిగిన నాకే ఇప్పటికీ సగం అయోమయం.

మా బావ మాకు మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. మా నాన్నది ఎండుచేపల వ్యాపారం, మేనత్త వాళ్ళది వలలూ పడవలూ. అందరూ వేటకి పోతుంటే మా బావ ఒక్కడూ గరిటె పట్టుకుని ఓడ ఎక్కాడు. సరుకు మోసే పెద్ద ఓడల్లో వంటవాడు. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళ మీద, మిగిలిన పాతిక మా అక్క దగ్గర. ఆ పాతికలో కూడా సగం రోజులు నిద్రే, ఒళ్ళు ఊగుతోందనేవాడు. మా అక్క మాత్రం నాన్న వ్యాపారాన్ని భుజాన వేసుకుని, సంతలకి తిరిగి, పిల్లల్ని చదివించి, పెళ్ళిళ్ళు చేసి, మొగుడిని చుట్టంలాగే చూడటం అలవాటు చేసుకుంది. వచ్చినప్పుడు కోడిని కోసేది, వెళ్ళేటప్పుడు ఊరగాయ కట్టేది.

బావ ఎక్కిన ఓడ కొన్నేళ్ళు ఆ మిల్వాకీ ఊరికి పోయేది. సముద్రం వదిలేసి ఒక ఏరు పట్టుకుని, మెట్లు మెట్లుగా కట్టిన కాలువలెక్కి, ఓడ దేశం నడిబొడ్డున ఉన్న సరస్సులోకి చేరుతుందని చెప్పేవాడు. ఓడ మెట్లెక్కడమేమిటని నేను నవ్వితే కోపం వచ్చేది. ఆ ఊళ్ళో జర్మనీ హోటళ్ళట. ఒక్కొక్క హాలు మన పాత సినిమా హాలంత ఉంటుందట. కుర్చీలుండవట, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పొడుగాటి బల్లలూ బెంచీలూ, ముక్కూ మొహం తెలియని వాళ్ళు పక్కపక్కన కూర్చుని, చెంబులంత గాజు గ్లాసుల్లో బీరు తాగుతారట, ఒక మూల బ్యాండు మేళం వాయిస్తూనే ఉంటుందట, ఎవరో తెలియనివాడు నీ గ్లాసుకి తన గ్లాసు తగిలించి నవ్వుతాడట. అది అమెరికానా జర్మనీయా బావా అని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. "జర్మనీవోళ్ళేనే, గానీ తాతల కాలం నాడే అమెరికావోళ్ళయిపోనారు" అనేవాడు. మరి అమెరికా వాళ్ళయిపోయాక అమెరికా కూడు తినక జర్మనీ కూడెందుకంటే, మన తాతలు రంగం పోయి అక్కడ చింతపులుసు కాచుకోలేదా అనేవాడు. నా ఈడు వాళ్ళకి రంగం అంటే చెప్పక్కర్లేదు, మన వైపు ఇంటికొకరు చొప్పున రంగూన్ పోయిన రోజులవి. అంతవరకూ బాగానే అర్థమయ్యేది. కానీ రంగంలో మన పులుసు తినడానికి బర్మా వాళ్ళు బెంచీలెక్కి కూర్చున్నారా అని ఇంకో సందేహం వచ్చేది. అది అడిగితే ఆయన దుప్పటి కప్పుకుని పడుకునేవాడు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాదికి అటో ఇటో, బావ పెట్టె దింపుకుని ఇక ఓడ ఎక్కనన్నాడు. శ్రీకాకుళంలో జర్మనీ హోటలు పెడతానన్నాడు. విన్నవాళ్ళంతా నవ్వారు, మా అక్క నవ్వలేదు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది. మా ఆయన గరివిడి ఫ్యాక్టరీలో రిటైరయ్యాక మేము శ్రీకాకుళంలో స్థిరపడ్డ కొత్తలు. పిల్లలు ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళు, నాకు మధ్యాహ్నాలు గోడలు చూడటమే పని. అక్క చెప్పులు విప్పకుండానే, "ఒలే, నువ్వెల్లి ఆ హోటల్లో ఉండు. అది నడిస్తే మీ బావ ఉంటాడు, నేదంటే మళ్ళీ ఓడెక్కేస్తాడు" అంది. ఉండమని నువ్వే అడగొచ్చు కదే అంటే, మొగుడిని ఉండమని అడుగుతారా ఎవరైనా అన్నట్టు నా వంక చూసింది. ఆ విధంగా యాభై దాటాక నాకు మొట్టమొదటి ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం, వంటింట్లో అజమాయిషీ, వచ్చినవాళ్ళకి ఇది ఏ దేశపు హోటలో చెప్పడం. ఆ మూడో పనిలో నేను ఒక్కనాడూ నెగ్గలేదు.

నాగావళి వంతెన దిగాక ఉన్న ఒక పాత బియ్యం గోదాము అద్దెకి తీసుకున్నాడు. పొడుగాటి బల్లలు చేయిస్తుంటే వడ్రంగి, ఏ బడికి బాబూ అని అడిగాడు. చెయ్యి పిడి ఉన్న పెద్ద గాజు గ్లాసులు విశాఖపట్నం నుంచి వచ్చాయి. అందులో పొయ్యడానికి బీరు లేదు. లైసెన్సు మాట తర్వాత, మా నాన్న తాగుడు చూసిన మా అక్క ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు విప్పి, చుక్క లోపలికొస్తే తాను గడప తొక్కనంది. అందుకని ఆ గ్లాసుల నిండా అల్లం సోడా పోసి, నురగ చూసి తృప్తిపడ్డాం. బోర్డు మీద పెయింటరు నురగ కారే గ్లాసు బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూసి పరుగున వచ్చిన మగవాళ్ళు సోడా రుచి చూసి, గ్లాసు లోపలికి చూసి, నా వైపు చూసేవారు. నేను పైకి చూసేదాన్ని.

తిండి సంగతి ఇంకా విడ్డూరం. జర్మనీ వాళ్ళు క్యాబేజీని ఉప్పులో పులియబెట్టి తింటారట. నౌపడ ఉప్పు వేసి జాడీలు నింపి వంటింటి మూల పెట్టాడు. వారం తిరిగేసరికి ఆ వాసనకి మా అక్క ముక్కు మూసుకుని, ఎవరో మరిచిపోయిన కూర కుళ్ళిందనుకుని, కాలువలో పారబోసి, జాడీలు తోమి బోర్లించింది. బావ ఆ ఖాళీ జాడీల పక్కన కూర్చున్న తీరు చూసి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. అక్కడ మాంసంతో చేసే పొడుగు ముక్కల్ని ఇక్కడ చేపతో చేశాడు, అవి బాగా కుదిరాయి. ముడి వేసి కాల్చే రొట్టె ఒకటుంది, దాన్ని బేకరీ అతను ఎన్నిసార్లు చేసినా మన చేగోడీలాగే వచ్చేది, అందరూ పెద్ద చేగోడీ అనే అడిగేవారు. వీటన్నిటి పక్కన అన్నమూ, పప్పూ, చేపల పులుసూ, చారూ. అవి లేకపోతే హోటలెందుకని నేను గట్టిగా పట్టుబట్టాను.

అసలు తిరకాసు తెరిచిన రోజే మొదలైంది. జర్మనీ హాల్లో బ్యాండుండాలి కాబట్టి బావ మన ఊరి పెళ్ళి బ్యాండుని పిలిపించాడు. వాళ్ళకి తెలిసిందల్లా పెళ్ళి పాటలు, అవే వాయించారు. వీధిలో పోయేవాళ్ళు లోపలికి తొంగిచూశారు. బ్యాండు మోగుతోంది, గోడ నుంచి గోడ దాకా బల్లలున్నాయి, అందరూ వరసగా కూర్చున్నారు. ఇంకేముంది, పెళ్ళి విందే అనుకున్నారు. ఒక పెద్దావిడ స్టీలు గిన్నె చదివింపు కూడా తెచ్చి నా చేతిలో పెట్టి, పెళ్ళికూతురేదని అడిగింది. జర్మనీ అని చెప్పాను, ఇంకేం చెప్పను? ఆవిడ సర్దుకుని బంతిలో కూర్చుంది.

బంతి అన్నాక దాని మర్యాద దానికుంది. ఒక వరసలో కూర్చున్నవాళ్ళు, తమ తిండి అయిపోయినా, పక్కవాళ్ళది అయ్యేదాకా లేవకూడదు. తింటున్న మనిషి ముందు నుంచి లేచిపోవడం కంటే అవమానం మన వైపు లేదు. ఆ రోజు బెంచీ చివర పళ్ళు లేని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన పెరుగన్నం పిసికి పిసికి తినేదాకా ఇటు చివరి నుంచి అటు చివరికి అందరూ ఎండిన చేతులతో కూర్చున్నారు. వెనక గోడవారగా రెండో బంతి వాళ్ళు నిలబడి ఎదురుచూశారు. ముసలాయన లేవగానే అందరూ ఒక్కసారి లేచారు, వాళ్ళు ఒక్కసారి కూర్చున్నారు. ఆ పూట ఏర్పడ్డ ఆనవాయితీ ఇక పోలేదు. బెంచీలు విడివిడిగా ఉంటే ఏమయ్యేదో గానీ, అంత పొడుగు బల్ల చూశాక ఎవరికీ లేవబుద్ధి కాలేదు.

బావ తల బాదుకున్నాడు. అక్కడ ఎవరి తిండి అయితే వాళ్ళు లేచిపోతారు, ఆ ఖాళీలో ఇంకొకరు దూరతారు, అందుకే అంత హాలు నడుస్తుందనేవాడు. చివరికి, తినగానే లేవవచ్చు అని గోడకి బోర్డు రాయించాడు. దాంతో కొంప మునిగింది. "కూడెట్టి లెగిపొమ్మంటన్నాడు, ఇదేటి మర్యాద" అని ఊరంతా చెప్పుకున్నారు. బోర్డు పీకేశాం. తొందరగా తిని పోవాల్సిన ఆఫీసుల వాళ్ళు, కాలేజీ పిల్లలు రావడం మానేశారు. తొందర లేనివాళ్ళు వచ్చి కదలడం మానేశారు. హాలు నిండుగా కనిపించేది, నడక మాత్రం కుంటుపడింది. పోనీ మూసేద్దామా అంటే, బల్ల దగ్గర ఒకరికొకరు కొత్తవాళ్ళు కూరలు తోసుకుని, ఊళ్ళ పేర్లు అడిగి తెలుసుకుని, చుట్టరికాలు కలుపుకుంటుంటే బావ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేవాడు. అప్పుడాయన ముఖంలో సంతోషమో దిగులో నాకు తెలిసేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆ హాళ్ళలో నీకంత నచ్చిందేమిటి బావా అని. మొగుడూ పెళ్ళాలు ఎదురెదురుగా కూర్చుని తింటారన్నాడు. తాను మాత్రం ఎప్పుడూ బెంచీ చివర ఒక్కడే కూర్చునేవాడట. ఇక్కడికొచ్చాక అక్కని ఎన్నోసార్లు ఎదురుగా కూర్చోమన్నాడట, నేను కూర్చుంటే వడ్డించేదెవరని అక్క కసురుకుందట. అది నిజమే, మా అమ్మా అంతే, మేమూ అంతే. మగవాళ్ళు లేచాక వంటింట్లో కింద కూర్చుని నాలుగు ముద్దలు మింగేవాళ్ళం. అందులో మా అక్క మరీను, సంతలో నిలబడి తిన్న అలవాటు, చూసేలోగా కంచం ఖాళీ. కానీ ఆ ఒక్క కోరిక కోసం ఒక మనిషి గోదాము అద్దెకి తీసుకుంటాడా? ఇప్పటికీ నాకు తేలలేదు.

ఇంతలో బొంబాయి నుంచి ఓడ ఏజెంటు ఫోన్లు మొదలయ్యాయి. కొన్నాళ్ళు కాదన్న బావ, ఒకరోజు సరేనన్నాడు. ఒక్కసారి వెళ్ళొస్తే ఆ జీతంతో హోటలు మళ్ళీ నిలబడుతుందన్నాడు గానీ, వెళ్ళినవాడు మళ్ళీ ఆ పాతిక భాగం మనిషైపోతాడని నాకు తెలుసు, అక్కకీ తెలుసు. వద్దని చెప్పవే అని అక్కని బతిమాలాను. అది ఊరగాయ సీసాలకి గుడ్డ కట్టింది. నాకు ఒళ్ళు మండింది. మొగుడు ఉండాలని నన్ను ఉద్యోగంలో పెట్టి, ఇప్పుడు తానే మూట కడుతున్న ఈ మనిషి మనసులో ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఆమదాలవలసలో రైలు. పెట్టె ఆటోలో పెట్టించి, చివరిసారి హాల్లో భోంచేసి వెళతానన్నాడు బావ. ఆటో అతను బయట నిలబడితే, మనిషిని నిలబెట్టి తింటారా అని అతన్నీ కూర్చోబెట్టాడు. మా ఆయన, మరో పదిమంది రోజూ వచ్చేవాళ్ళు కూర్చుని బంతి నిండింది. అక్కా నేనూ వడ్డించాం. బావ చారు అన్నంలోకి వచ్చేసరికి, మా అక్క చేతిలో గరిటె నాకిచ్చి, చేతులు కడుక్కుని, కంచం తెచ్చుకుని, బావకి సరిగ్గా ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. "ఒలే, నాకూ వడ్డించు" అంది.

బావ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను కంగారులో పప్పుకి బదులు ముందు చారు వేశాను. అది పప్పడిగింది. పప్పన్నం తిన్నది, తర్వాత చేపల పులుసడిగింది, అదీ ముళ్ళు ఎక్కువుండే ముక్క. ఒక్కొక్క ముల్లూ తీసి కంచం అంచున పెట్టి, ఎప్పుడూ గబగబా మింగే మనిషి మెతుకు మెతుకూ నమిలింది. అందరి తిండీ అయిపోయింది. ఎవరూ లేవలేదు. ఆటో అతను గోడ గడియారం చూసి, తన కంచం చూసుకున్నాడు. మా ఆయన ఒకసారి దగ్గారు. నేను వెర్రిదాన్ని, రైలు టైమవుతోంది తొందరగా కానివ్వవే అని చెవిలో చెప్పబోయాను. అది తలెత్తి, "ఇంకాస్త అన్నం ఎయ్యి" అంది. ఆ కళ్ళు చూశాకగానీ నాకు తట్టలేదు. అన్నం వేశాను. మళ్ళీ అడగకుండానే ఇంకాస్త వేశాను. మజ్జిగ కూడా చిన్న గరిటెతో కొంచెం కొంచెంగా పోశాను.

బావ లేవొచ్చు. ఎవరూ కాళ్ళు కట్టెయ్యలేదు. జర్మనీ వాళ్ళలాగా తినగానే లేచిపోవాలని మాకు పాఠం చెప్పిన మనిషే ఆయన. కానీ ఎండిన చెయ్యి కంచంలో పెట్టుకుని, మా అక్క ముఖం చూస్తూ అలాగే కూర్చున్నాడు. అన్నేళ్ళ కాపురంలో అది తినడం ఆయన చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. చాలాసేపటికి ఆటో అతను మెల్లిగా, "బండి ఎలిపోయుంటాది బాబూ" అన్నాడు. అప్పుడు మా అక్క కంచంలో చెయ్యి కడిగి, "లెగండి" అంది. అందరూ ఒక్కసారి లేచారు. బావ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి తొట్టి దగ్గర చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఆటోలోంచి పెట్టె తనే దింపుకున్నాడు.

మరి ఓడ ఎక్కలేదు. హాలు ఇంకొన్నేళ్ళు ఈడ్చుకుంటూ నడిచి, గోదాము సొంతదారు అమ్ముకుంటే ఆగిపోయింది. కావాలనే చేశావా అని అక్కని ఎన్నిసార్లడిగానో. "ఆకలేసినాది, తిన్నాను. దానికేటి?" అంటుంది. నువ్వెందుకు లేవలేదని బావని అడిగితే, బంతిలోంచి ఎలా లేస్తామే అని నన్నే తప్పు పడతాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఆపారో, అది మర్యాదో ప్రేమో, ఇన్నేళ్ళయినా నాకు అంతుచిక్కలేదు. నోరు తెరిచి ఉండిపొమ్మని అడగడం మా తరంలో ఎవరికీ చేతకాలేదు, కూర్చోవడం మాత్రం వచ్చు.

ఇప్పుడు మా ఇంట్లోనూ మంచి బల్ల ఉంది, ఆడా మగా తేడా లేకుండా అందరం ఒకేసారి కూర్చుంటాం, అందుకు నాకు సంతోషమే. నాతోనే ఉంటున్న కొడుకు, కోడలు, మనవడు, ఎవరి తిండి అయితే వాళ్ళు లేచిపోతారు. తప్పేమీ కాదు, ఎవరి పనులు వాళ్ళవి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ దగ్గుతూనో సణుగుతూనో నాకోసం కూర్చునేవారు. పళ్ళు కదిలాక నేనూ నెమ్మదిగానే తింటున్నాను. మజ్జిగలోకి వచ్చి తలెత్తేసరికి బల్ల దగ్గర ఎవరూ ఉండరు.